చెరకుతోట హాజరుపట్టీ

చోడవరంలో నా మోటార్ల రిపేరు కొట్టు పక్కనే ఒక టీ బడ్డీ ఉంది. దాని గోడ మీద ఇన్నాళ్లూ ట్యూషన్ల కాగితాలు, మొలల మందు కాగితాలు మాత్రమే పక్కపక్కన సఖ్యంగా బతికేవి. మొన్న వాటి మధ్య ఒక కొత్త పోస్టరు వెలిసింది. దాని మీద ఒక పిల్లి. మనింట్లో పాలు తాగే పిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒంటి మీద సిరా విదిలించినట్టు చుక్కలు, నుదుటి మీద నిలువు చారలు, పొట్టి తోక, అప్పుడే ఎవరితోనో గొడవపడి వచ్చిన మొహం. కింద పెద్దక్షరాలతో ఇలా ఉంది: నీటిపిల్లి. అంతరించిపోతున్న జాతి. మీకు కనిపిస్తే తెలియజేయండి.

నేను ఏడో తరగతిలో బడికి సెలవుచీటీ రాసి, ఆ సెలవు ఇంకా పూర్తి చేయనివాణ్ణి. అయినా పెద్దక్షరాలు చదవగలను. చదివి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పైకే అనేశాను.

"ఓలమ్మా! ఇది మన సిన్నకోడలు కాదేటి!"

పోస్టరు అంటించిన అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి చేతికంటిన జిగురు తుడుచుకుంటోంది. విశాఖపట్నం కాలేజీలో జంతువుల గురించి చదువుతోందట. గబుక్కున సంచిలోంచి కాగితం, పెన్నూ తీసింది.

"అంకుల్, మీరు దీన్ని చూశారా?"

"సూడ్డమేటమ్మా, మా సుట్టమే."

"ఇక్కడి వాళ్లు దీన్ని ఏమని పిలుస్తారు?"

"సిన్నకోడలు."

ఆ అమ్మాయి 'స్థానికంగా పిలిచే పేరు' అన్న గడిలో శ్రద్ధగా 'చిన్నకోడలు' అని రాసుకుంది. నేను ఆపాల్సింది. ఆ పేరుతో పిలిచింది ఊరంతా కాదు, ఒకే ఒక్క మనిషి అని చెప్పాల్సింది. కానీ ఆ అమ్మాయి అంత నమ్మకంగా రాసుకుంటూ ఉంటే ఆపబుద్ధి కాలేదు. రేపు ఏ పెద్ద పుస్తకంలోనో ఆ పేరు అచ్చవుతుంది. ఎవరో పెద్ద చదువులవాళ్లు దాని గురించి తలబద్దలు కొట్టుకుంటారు. అది తలుచుకుంటే నాకు లోపల్లోపల పండగ్గా ఉంది. ఆ పేరు పెట్టిన మనిషి పోయినేడు వేసవిలో పోయింది. ఉంటే నాకంటే గట్టిగా నవ్వేది.

ఆవిడ చెరకు కోత ముఠాకి మేస్త్రి. చీడికాడ వైపునుంచి పదిమందిని వెంటబెట్టుకుని నడిచి వచ్చేది. అందరూ మేస్త్రమ్మ అనేవారు, నేను అత్తా అనేవాణ్ణి. ఆవిడ నన్ను అల్లుడూ అనేది.

"అల్లుడూ అంటావు గానీ పిల్లనిస్తానని ఒక్కసారీ అన్నావు కాదు" అని ఒకసారి నిష్ఠూరమాడాను.

"నాకు కూతుళ్లు నేరు బాబూ. పుట్టకుండా తప్పించుకున్నారు" అంది.

మనిషి పొట్టి. నెత్తికి తువ్వాలు చుట్టి, ఆ తువ్వాలులో చెరకు కత్తి దోపుకుని నడిచేది. నోట్లో ఎప్పుడూ అడ్డచుట్ట. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. చూసేవాళ్లకి గుండె జారుతుంది గానీ వాళ్లకి ఏమీ కాదు.

"అత్తా, నాలిక కాలదేటి?" అని అడిగాను.

"కాల్తే నా ఒక్కదానికే నష్టం. నిప్పురవ్వ ఎండాకు మీద పడితే ఊరందరికీ నష్టం. అందుకే నిప్పుని నోట్లో ఎట్టి తలుపేసీసేను."

అది మాటవరసకి అన్నది కాదు. ముఠాలో మగవాళ్లు తోటలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెలు ఆవిడకి అప్పజెప్పాలి. ఒక పాత బిస్కెట్ డబ్బాలో వేసి, సాయంత్రం ఎవరివి వాళ్లకి ఇచ్చేది. నేను మా తోటకి యజమానిని. నా అగ్గిపెట్టె కూడా ఆ డబ్బాలోనే ఉండేది.

మా తోట గెడ్డ ఒడ్డున ఎకరం. గెడ్డ అంటే కొండలవైపునుంచి వచ్చే చిన్న ఏరు. వేసవిలో కూడా మడుగుల్లో నీళ్లుంటాయి, ఒడ్డంతా జమ్ము. చెరకు నిలువెత్తు దాటి పెరిగాక ఆ తోటలో ఎవరెవరు కాపురాలు పెట్టేవారో నాకు తెలియదు. ఆవిడకి తెలుసు.

కోత మొదలుపెట్టే పద్ధతి ఆవిడది ఒకటుంది. ముందు గట్టుమీద నిలబడి కత్తి వెనక్కి తిప్పి, మొదటి చెరకు గెడని మూడుసార్లు కొట్టేది, ఎవరింటి తలుపో తట్టినట్టు. తర్వాత చుట్ట చేతిలోకి తీసుకుని గొంతెత్తేది.

"ఓ పెదమావా! ఓ బావా! ఓ వియ్యంకుడా! సిన్నకోడలా! కోతకొచ్చేం! మూటాముల్లే సద్దుకోండి! గెడ్డయేపు దారి ఒగ్గీసేం, పిల్లల్ని సూసుకుని ఎల్లండి!"

తర్వాత చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని కూర్చునేది. ఆ చుట్ట అయ్యేవరకూ ఎవరూ కత్తి ఎత్తకూడదు. ఇంటి ఓనర్లు అద్దెకున్నవాళ్లకి ఇవ్వని గడువు ఈవిడ చెరకుతోటలో ఇచ్చేది.

కోత కూడా ఒక్కవైపునుంచే. రోడ్డువైపు మొదలుపెట్టి, వరసలో నిలబడి, గెడ్డవైపు జరుగుతూ పోవాలి. మిగతా ముఠాలవాళ్లు అలా చేయరు. నాలుగువైపులా కోసుకుంటూ మధ్యకి వస్తారు. ఆఖరికి తోట నడుమ నాలుగు దుబ్బులు మిగిలేసరికి, లోపలున్న కుందేళ్లు, ఎలకలు, అడవిపందులు, దొరికినవన్నీ అక్కడే ఇరుక్కుంటాయి. చుట్టూ కర్రలు పట్టుకుని నిలబడతారు. ఆ పూట అందరికీ కూర. అదొక సరదా, చిన్నప్పుడు నేనూ కర్ర పట్టినవాణ్ణే.

"మేస్త్రమ్మ ముఠాలో సేరితే మజ్జిగన్నమే గతి" అని ఆవిడ మనుషులు గొణిగేవారు.

"నాలుగేపుల నించీ కోస్తే అది కోత కాదర్రా, ముట్టడి. కూర కావాలంటే కోమటింటికెల్లి పప్పు కొనుక్కోండి" అనేది ఆవిడ.

ఆ చుట్టరికాలు కూడా ఊరికే కలిపినవి కాదు. ఉడుము పెదమావ, ఎందుకంటే నడకలో అంత దర్జా ఇంకెవరికీ లేదు. ముంగిస వియ్యంకుడు: వస్తాడు, నిలబడి నలుగురినీ ఎగాదిగా చూస్తాడు, చెప్పకుండా వెళ్లిపోతాడు. నక్క బావ. పాములు కరెంటు ఆఫీసువాళ్లు, వాళ్లని పేరుపెట్టి పిలవకూడదు, దూరంగా జరిగి దారివ్వాలి. ఇక చిన్నకోడలు గెడ్డలో చేపలు పట్టుకు తినే పిల్లి. పగలంతా మొహం మాడ్చుకుని గదిలోంచి బయటికి రాదు, సందేళ అయ్యాక చేపలకూర వాసనకి లేస్తుంది. అందుకని కోడలు. తన సొంత కోడలు పక్కనే నిలబడి చెరకు కట్టలు కడుతూ ఉండగానే చెప్పేది ఈ మాట. ఆ కోడలు కూడా నవ్వేది, చేపలకూర ఆరోపణ నిజమే గనక.

సాయంత్రం కోత అయ్యాక గెడ్డలో కాళ్లు కడుక్కుంటూ హాజరు వేసేది. పెదమావ వెళ్లాడు, చూశాను. వియ్యంకుడు వెళ్లాడు. చిన్నకోడలు అడుగులు బురదలో ఉన్నాయి. కొన్నేళ్లుగా ఒకచోటికి వచ్చేసరికి ఆగిపోయేది.

"ఈ ఏడూ బావ రానేదురా."

నిజమే. నా చిన్నప్పుడు సందేళ గెడ్డవతల నక్కలు కూస్తే మా అమ్మ దీపం పెట్టేది. ఆ కూత ఎప్పుడు ఆగిందో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. ఆగిన రోజున ఎవరమూ గమనించలేదు.

"పోనీ రేషన్ కార్డులోంచి బావ పేరు తీయించీద్దామేటత్తా?" అన్నాను, నా నోరు ఊరుకోదు గనక.

ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి చూసింది.

"నువ్వు బడి మానీసేక మీ మాస్టారు నీ పేరు పిలిసేడా?"

"ఒక నెల్లాళ్లు పిలిసేడట. తర్వాత కొట్టీసేడు."

"ఆ తర్వాతెప్పుడైనా నీకు ఎల్లాలనిపించిందా?"

ఒకరోజు వెళ్లాను నిజానికి. బడి కిటికీ బయట నిలబడి విన్నాను. నాకు ముందువాడి పేరు పిలిచారు, నాకు తర్వాతవాడి పేరు పిలిచారు. వెనక్కి వచ్చేశాను. ఆ సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదు, ఈవిడకి చెప్పాను.

"మరదే. నాను కొట్టను" అంది, కాళ్లు దులుపుకుని లేస్తూ.

ఇక చిన్నకోడలి గొడవ. అది జరిగి నాలుగైదేళ్లయింది. దానికి కారకుణ్ణి నేనే.

మా గెడ్డ ఒడ్డు రైతులందరికీ కలిపి ఒకే గానుగ. డీజిల్ ఇంజను, పక్కన పొయ్యి, దానిమీద చెరకురసం కాచే పెద్ద పెనం. ఎవరి వంతు వచ్చిన రోజు వాళ్లు చెరకు ఆడించుకుని బెల్లం వండుకోవాలి. వంతు తప్పితే మళ్లీ పదిరోజులు ఆగాలి. నరికిన చెరకు అన్నాళ్లు ఆగదు, రసం పులిసిపోతుంది. ఆ ఏడు నా వంతు మర్నాడు. తోటంతా కోసేశారు, గెడ్డవైపు మూల ఒక్కటే మిగిలింది. ఆ మూల చెరకు వస్తేగానీ ఆఖరి పెనం నిండదు. పెనం నిండకుండా వండితే పాకం మాడుతుంది.

నేను తొందరపడి ముందుకెళ్లి ఆకులు తప్పించి చూశాను. లోపల చెత్తలో మూడు పిల్లలు. ఒంటినిండా చుక్కలు. అప్పట్లో కొండలవైపు పులి తిరుగుతోందని రోజూ ఏదో ఒక వార్త. నాకు ఇంకేమీ తోచలేదు.

"పులిపిల్లలు! పులిపిల్లలు!" అని అరిచాను.

రోజంతా మోటార్ల మోతమీద మాట్లాడే గొంతు నాది. పావుగంటలో సగం ఊరు గట్టుమీద ఉంది. కర్రలు, గునపాలు, ఒకడైతే క్రికెట్ బ్యాటు. అందరికంటే ముందు పక్క పొలం ఆసామి. ఆయన కోళ్లు పెంచుతాడు. నెలరోజులుగా కోళ్లు మాయమవుతున్నాయని ఊగిపోతున్నాడు. చేతిలో కర్ర, రెండో చేతిలో అగ్గిపెట్టె.

"మూలంతా ఎండాకే. ముట్టించీండి, తల్లీ పిల్లలూ ఒకేపాలి పోతాయి!" అన్నాడు.

మేస్త్రమ్మ నెమ్మదిగా వచ్చింది. ఆకులు తప్పించి తొంగిచూసింది. నావైపు తిరిగింది.

"అల్లుడూ, పులైతే తల్లి నిన్నీపాటికి తినీసుండును. నీ మాటలు అరక్క కక్కీసుండును కూడాను."

గట్టుమీద నవ్వులు. ఆవిడ ఆ ఆసామి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని బిస్కెట్ డబ్బాలో వేసింది. తర్వాత ఆ మూలకి అడ్డంగా, ఎండుటాకుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇక అక్కడ ఎవరైనా నిప్పు పెట్టాలంటే ముందు ఆవిడకి పెట్టాలి.

"మేస్త్రమ్మా లెగు. నా కోళ్లన్నీ తినీసింది" అన్నాడు ఆసామి.

ఆవిడ పక్కన నేలమీద ఎండిపోయిన పిల్లి పెంటిక ఒకటి తీసి, అరచేతిలో నలిపి, ఆయన ముక్కు కిందకి చాపింది. ఎండలో తళుక్కుమన్నాయి చేప పొలుసులు. మధ్యలో పీత డొప్ప ముక్క.

"సూడు బాబూ. నీ కోడికి పొలుసులున్నాయేటి?"

"మరి నా కోళ్లేటయినట్టు?"

"మీ బామ్మర్ది ఎన్నిసార్లొచ్చేడో లెక్కెట్టుకో."

ఇంక అక్కడ గుంపు నిలబడలేదు. నవ్వడానికి రెండు చేతులూ కావాలి, కర్రలు పట్టుకోవడం కుదరదు. ఒక్కొక్కరే జారుకున్నారు. ఆసామి మాత్రం మిగిలాడు, మొహం గంటుపెట్టుకుని. నేనూ మిగిలాను, నా పెనం బెంగతో.

"అత్తా, రేపు నా వంతు. మూల కొయ్యకపోతే ఆఖరి పెనం మాడిపోద్ది."

"రేపు పొద్దున్న కోస్తాం. ఈ సందేళ తల్లొచ్చి పిల్లల్ని తీసుకుపోద్ది."

"రాకపోతే?"

"రాకపోతే మూల కొయ్యం. ఈ ఏడుకి బెల్లం కొనుక్కుని తిను."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. తోట నాది, చెరకు నాది, పెట్టుబడి నాది. అదే అన్నాను. ఆవిడ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. ఆవిడ గొంతులో బతిమాలడం నేను విన్నది అప్పుడొక్కసారే.

"అల్లుడూ, బావ పోయినప్పుడు మనకి తెల్లేదు. ఇది మనకి తెలిసే పోద్దిరా. ఒక్క సందేళ ఆగు."

ఆగాను. రోడ్డువైపు చెరకు బండి చాటున ముగ్గురం కూర్చున్నాం, ఆవిడ, నేను, కోళ్ల ఆసామి. మధ్యలో కోసేసిన తోట ఖాళీగా ఉంది. ఎర్రటి పొద్దు కొండల మీదకి దిగింది. కొంగలు వెళ్లిపోయాయి. నా కడుపులో పెనం మాడుతున్న వాసన.

అంతలో జమ్ములోంచి ఒక తల. తడిసిన తల, వెనక్కి నొక్కుకున్న చెవులు. ఒడ్డెక్కి ఒళ్లు విదిలించింది. నీటిచుక్కలు పొద్దువెలుగులో ఎగిరాయి.

"వచ్చింది మారాణి" అని మేస్త్రమ్మ గుసగుసలాడింది.

అది మూలలోకి వెళ్లింది. మెడ పట్టుకుని ఒక పిల్లని తెచ్చింది, గెడ్డలో సన్నటి చోట దాటి జమ్ములో దాచింది. మళ్లీ వచ్చింది. రెండోది. మళ్లీ వచ్చింది. మూడోది. నేను లేవబోయాను. ఆవిడ నా చొక్కా పట్టుకుని కూలేసింది. పిల్లి నాలుగోసారి వచ్చింది. ఖాళీ చోటంతా వాసన చూసుకుని, ఉత్తచేతులతో వెళ్లిపోయింది.

"లెక్క సూసుకుంటంది" అంది మేస్త్రమ్మ. "ఇల్లు ఖాళీ సేసినోళ్లు ఎనక్కొచ్చి గోడ మేకులు కూడా పీక్కుపోతారు, సూళ్లేదేటి?"

"మూడు దాకా లెక్కొచ్చిందంటే నాకంటే నయమే" అన్నాను.

కోళ్ల ఆసామి చాలాసేపు గెడ్డవైపే చూశాడు. ఆయన కోళ్లగూడు అక్కడికి పిలుపుదూరంలోనే ఉంది.

"నా కోళ్లకేసి సూడను కూడా సూణ్ణేదు" అన్నాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే అనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే మూల కోశాం. ముందు కోసిన చెరకంతా ఆడించి, ఈ మూల చెరకు దగ్గరకి వచ్చేసరికి నా వంతు సమయం అయిపోవచ్చింది. నా తర్వాత వంతు ఎవరిదనుకున్నారు? ఆ ఆసామిదే. ఆయన ఏమీ అనకుండా నా చెరకు తన చెరకుతో కలిపి ఆడించాడు. ఇద్దరి రసం ఒకే పెనంలో ఉడికింది. ఆ బెల్లం దిమ్మల్లో తీపి ఎవరి చెరకుదన్నది ఇప్పటికీ తేలలేదు. నాదే అని నేనంటాను. ఆయన ఒప్పుకోడు. ఆ మరుసటేడు ఆయన తోట కోతకి మేస్త్రమ్మ ముఠానే పిలిచాడు. ఒక్కవైపునుంచే కోత. బామ్మర్ది రాకపోకలు కూడా తగ్గాయని విన్నాను.

పోయినేడు కోతలన్నీ అయ్యాకే ఆవిడ పోయింది. మంచాన పడింది కూడా లేదు. కబురు తెలిసి వెళ్లాను. గూట్లో బిస్కెట్ డబ్బా ఉంది. అందులో నా అగ్గిపెట్టె ఒకటి దొరికింది, ఏ ఏడు మరిచిపోయానో! తెచ్చుకోలేదు. అక్కడే ఉండనిచ్చాను.

నిన్న పొద్దున్న మా తోట కోత. ఇప్పుడు ఆవిడ కోడలే మేస్త్రి. పోస్టరు అమ్మాయి చోటు చూస్తానంటే రమ్మన్నాను. కెమెరా తెచ్చుకుని గట్టుమీద నిలబడింది. ముఠా అంతా వరసలో నిలబడ్డారు, రోడ్డువైపునుంచి, ఎవరూ చెప్పకుండానే. కానీ కత్తి ఎవరూ ఎత్తలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"మా అత్త గొంతు నాకు రాదన్నయ్యా. నువ్వు పిలు" అంది కోడలు.

ఊరికే ఉంటే బావుండదని కత్తి తీసుకుని వెనక్కి తిప్పి మొదటి గెడని మూడుసార్లు కొట్టాను. గొంతెత్తాను.

"ఓ పెదమావా! ఓ బావా! ఓ వియ్యంకుడా! సిన్నకోడలా! కోతకొచ్చేం! గెడ్డయేపు దారి ఒగ్గీసేం!"

"అంకుల్, బావ అంటే ఎవరు?" అంది పోస్టరు అమ్మాయి.

"నక్కమ్మా."

"ఇక్కడ నక్కలున్నాయా?"

"తెల్దు. పేరైతే కొట్టనేదు."

ఆ అమ్మాయి అది కూడా రాసుకుంది.

ఇక చుట్ట అయ్యేవరకూ ఆగాలి. కోడలు కొంగు ముడిలోంచి ఒకటి తీసి ఇచ్చింది. పద్ధతంటే పద్ధతే కదా అని ముట్టించి, తిరగేసి, నిప్పు కొస నోట్లో పెట్టుకున్నాను. నాలిక చుర్రుమంది. కళ్లనీళ్లు తిరిగాయి. ముఠా ముఠా అంతా పడిపడి నవ్వారు. నవ్వుకోనీ, నష్టం నా ఒక్కడికే. చుట్ట మాత్రం తియ్యలేదు.

నవ్వులు సద్దుమణిగాక తోట నడిమిలో ఆకులు కదిలాయి. గాలి లేదు. ఆ కదలిక నెమ్మదిగా గెడ్డవైపు సాగింది, మధ్యలో ఒకసారి ఆగింది, మళ్లీ సాగింది. జమ్ము రెండుగా చీలి మళ్లీ కలుసుకుంది.

"ఏమిటంకుల్ అది? ఏది వెళ్లింది?" అని ఆ అమ్మాయి కెమెరా ఎత్తింది.

నోట్లో నిప్పు పెట్టుకుని ఏం చెప్పగలను? ఎవరో నాకూ కనిపించలేదు. హాజరు మాత్రం వేసుకున్నాను.